మెడికల్ షాపులో "తామర క్రీమ్" అని అడిగా... ఎగ్జిమాతో నా ఇరవై రెండేళ్లు

ఈ రోజు హాఫ్ హ్యాండ్స్ టీషర్ట్‌లో కూర్చున్నా. పాత ఎపిసోడ్లు చూసినవాళ్లకు తెలుసు, నేను మే నెలలో కూడా ఫుల్ హ్యాండ్స్ చొక్కాలోనే కనిపిస్తా. "బ్రో, ఏసీ ఎక్కువైందా?" అని అడిగారు కొంతమంది. ఏసీ కాదు. మోచేతి మడతల్లో ఉన్నది కెమెరాలో పడకూడదని.

అది ఎగ్జిమా. డాక్టర్లు రాసే పేరు అటోపిక్ డెర్మటైటిస్. నాకు ఆరేళ్లప్పుడు మొదలైంది, ఇప్పుడు ఇరవై ఎనిమిది. ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాదు. బీటెక్ చేసి, నాలుగేళ్లు కోడ్ రాసి, ఇప్పుడు గజ్వేల్‌లో మా ఇంటి పై గదిలో మైక్ పెట్టుకుని మాట్లాడేవాణ్ణి. ఈ ఎపిసోడ్‌లో మందుల పేర్లు వస్తాయి. అవి విషయం అర్థం కావడానికి, షాపుకు పోయి కొనుక్కోవడానికి కాదు. ఎందుకో నా కథ వింటే మీకే తెలుస్తుంది.

ఇంటర్ ఫస్టియర్‌లో ఉన్నప్పటి సంగతి. రెండు మోకాళ్ల వెనకా, రెండు మోచేతుల మడతల్లో చర్మం మందంగా, నల్లగా అయిపోయింది. రాత్రంతా గోకుడే. పొద్దున లేస్తే దుప్పటి మీద నెత్తుటి చుక్కలు. ఒక మెడికల్ షాపుకు పోయి, మా ఇంట్లో అందరూ అనే మాటే అన్నా: "అన్నా, తామరకు క్రీమ్ ఇవ్వు." ఆయన చెయ్యి కూడా చూడలేదు. "ఇగో తమ్మీ, ఇది రాయి. నాల్గు రోజుల్ల పోతది" అని ఒక ట్యూబ్ ఇచ్చాడు. నిజంగానే నాలుగు రోజుల్లో పోయింది! ఆయన నాకు దేవుడిలా కనిపించాడు. పదిహేను రోజులకు మళ్లీ వచ్చింది, మళ్లీ ట్యూబ్ తెచ్చా. అలా ఆరేళ్లు.

ఇక్కడ ఆగి ఒక మాట గురించి మాట్లాడాలి, ఎందుకంటే సగం సమస్య ఆ మాటలోనే ఉంది. మన దగ్గర "తామర" అంటే ఒక్క జబ్బు కాదు. గుండ్రంగా, అంచు ఎర్రగా లేచి, మధ్యలో కాస్త మామూలుగా కనిపిస్తూ పెరిగే మచ్చని తామర అంటాం. అది ఫంగస్, ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. నాకున్న ఎగ్జిమానీ చాలామంది తామరే అంటారు. ఇది ఫంగస్ కాదు, అంటుకోదు. ఇంకోటి గజ్జి. అది చర్మంలోకి దూరే ఒక చిన్న పురుగు వల్ల వస్తుంది. వేళ్ల సందుల్లో, నడుము దగ్గర రాత్రిపూట దురద ఎక్కువ, ఇంట్లో ఒకరికి వస్తే మిగతావాళ్లూ గోక్కోవడం మొదలుపెడతారు. మూడింటికీ దురదే, మూడింటికీ మందు వేరు. కౌంటర్ దగ్గర "దురద అన్నా" అంటే మాత్రం మూడింటికీ ఒకే ట్యూబ్ వచ్చే అవకాశం ఉంది.

ఆ ట్యూబ్‌లో ఏముంటుంది? చాలాసార్లు మూడు నాలుగు మందుల కలగలుపు. ఒక యాంటీఫంగల్, ఒక యాంటీబయాటిక్, వాటితోపాటు ఒక స్టెరాయిడ్. ఏ జబ్బో తెలియకపోయినా ఏదో ఒకటి తగులుతుందని లెక్క. లాగ్స్ చూడకుండా ప్రొడక్షన్‌లో నాలుగు ఫైళ్లు ఒకేసారి మార్చినట్టు. స్టెరాయిడ్ దురదని, వాపుని వెంటనే తగ్గిస్తుంది కాబట్టి అందరికీ "పనిచేసింది" అనిపిస్తుంది. ఫంగస్ ఉన్నవాడికైతే ఇంకా ఘోరం. పైకి ఎరుపు తగ్గుతుంది, లోపల ఫంగస్ హాయిగా పాకుతుంది, చివరికి డాక్టర్ కూడా గుర్తుపట్టలేనంతగా దాని రూపం మారిపోతుంది. దేశమంతా ఇది ఎంత పెద్ద తలనొప్పి అయిందంటే, చర్మ డాక్టర్ల సంఘం ఏళ్ల తరబడి మొత్తుకున్నాక 2018లో కేంద్రం చాలా స్టెరాయిడ్ క్రీములని షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. రూల్ అయితే అది. మీ వీధి చివర షాపులో ఎలా నడుస్తుందో మీకే తెలుసు.

సరే, అసలు ఎగ్జిమా ఎందుకొస్తుంది?

చర్మం పై పొరని ఇటుక గోడ అనుకోండి. కణాలు ఇటుకలు, వాటి మధ్య కొవ్వు పదార్థాలు సిమెంటు. ఈ గోడ గట్టిగా ఉండటానికి ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ కావాలి. కొంతమందికి ఆ ప్రోటీన్ తయారుచేసే జీన్‌లోనే లోపం ఉంటుందని 2006లో స్కాట్లండ్‌లోని డండీ సైంటిస్టుల టీమ్ బయటపెట్టింది. ఎగ్జిమా ఉన్న అందరికీ ఈ లోపం ఉండదు, కానీ గోడ బలహీనంగా ఉండటం అందరిలోనూ కనిపిస్తుంది. గోడకి సందులుంటే లోపలి తేమ బయటికి పోతుంది, బయటి దుమ్ము, సబ్బు, బ్యాక్టీరియా లోపలికి వస్తాయి. ఒంట్లోని రక్షణ వ్యవస్థ అవసరానికి మించి రెచ్చిపోతుంది. వాపు, దురద. గోకితే గోడ ఇంకా చెడుతుంది, దాంతో దురద ఇంకా పెరుగుతుంది. ఇన్‌ఫినిట్ లూప్, బ్రేక్ కండిషన్ లేదు.

ఇంట్లో ఎవరికైనా ఆస్తమా ఉన్నా, పొద్దున్నే పది తుమ్ములు తుమ్మే అలర్జీ జలుబు ఉన్నా, ఇది వచ్చే అవకాశం ఎక్కువ. మా నానకు ఆ తుమ్ములున్నాయి. ఇరవై ఏళ్లు మేం ఈ రెండూ కలిపి చూడలేదు.

ఇంకో చిన్న విషయం. గూగుల్‌లో ఎగ్జిమా ఫొటోలు చూస్తే అన్నీ ఎర్రగా ఉంటాయి, ఎందుకంటే ఎక్కువ శాతం తెల్ల చర్మం ఫొటోలే. మన రంగు మీద అది ముదురు గోధుమ, ఊదా, బూడిద రంగులో కనిపించొచ్చు. "ఫొటోలో లాగా లేదు కదా, నాది వేరే ఏదో" అని నేనే రెండేళ్లు అనుకున్నా.

ఇప్పుడు స్టెరాయిడ్ దగ్గరికి మళ్లీ వస్తా, ఈ ఎపిసోడ్‌కి అసలు కారణం అదే.

ఆరేళ్లు ఆ ట్యూబ్ వాడాక మోచేతి మడతలో చర్మం పల్చబడింది. సిగరెట్ ప్యాకెట్ లోపలి కాగితంలా. నీలం నరాలు కనిపించేవి. చంకల దగ్గర ప్రెగ్నెన్సీ తర్వాత పొట్ట మీద వస్తాయి చూడండి, అలాంటి చారలు. అవి ఇప్పటికీ ఉన్నాయి, పోవు. ఫైనల్ ఇయర్‌లో ఒక వీడియో చూశా. "స్టెరాయిడ్ విషం, ఈ రోజే ఆపెయ్యండి" అని. ఆపేశా, అదే రోజు, ఎవరినీ అడగకుండా. పది రోజుల్లో మెడ, ముఖం, వీపు, అంతా మంటలు. క్యాంపస్ ఇంటర్వ్యూకి ముఖం మీద పొట్టు రాలుతూ వెళ్లా. ఎదురుగా ఉన్నాయన చేయి కలపడానికి చేయి చాపి, నా చేయి చూసి, నమస్తే పెట్టాడు. ఆయన తప్పేం లేదులెండి. అంటుకుంటుందేమో అని ఎవరైనా అనుకుంటారు. కానీ ఆ నమస్తే ఇప్పటికీ గుర్తుంది.

తర్వాత హైదరాబాద్‌లో ఒక చర్మ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లా. గజ్వేల్ బస్సెక్కి జేబీఎస్‌లో దిగి, అక్కడి నుంచి మెట్రో. ఆమె రాసింది ఏంటో తెలుసా? మళ్లీ స్టెరాయిడే! నేను చీటీ వెనక్కి ఇచ్చేశా. "మేడమ్, దీనివల్లే నాకిదంతా" అన్నా. ఆమె ఓపిగ్గా పదిహేను నిమిషాలు చెప్పింది. ఆ పదిహేను నిమిషాలు పదహారేళ్ల వయసులో ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. అందుకే మీకు చెప్తున్నా.

స్టెరాయిడ్ క్రీమ్ అంటే ఒక్క మందు కాదు. తక్కువ పవర్‌ది హైడ్రోకార్టిసోన్. పై చివర క్లోబెటసాల్. వీటి మధ్య తేడా రెండింతలో మూడింతలో కాదు, కొన్ని వందల రెట్లు. అరిచేతి మీది మందపాటి చర్మానికి సరిపోయేది కనురెప్ప మీద రాస్తే నష్టం. ముఖం, మెడ, చంకలు, గజ్జలు, ఇవన్నీ పల్చటి చోట్లు. అక్కడ తక్కువ పవర్‌ది, తక్కువ రోజులు. నేను ఒళ్లంతా ఒకటే రాశా, అదీ క్లోబెటసాల్ ఉన్నది. కాబట్టి తప్పు మందుది అనలేం, ఏది, ఎక్కడ, ఎన్నాళ్లు అన్న లెక్క లేకపోవడానిది.

ఆ లెక్కకి ఒక కొలత ఉంది. ట్యూబ్‌ని నొక్కితే వచ్చే క్రీమ్, చూపుడు వేలి కొన నుంచి మొదటి గీత దాకా ఎంత వస్తుందో, అది ఒక ఫింగర్‌టిప్ యూనిట్. సుమారు అర గ్రాము. రెండు అరచేతులంత చోటుకి అది సరిపోతుంది. అరచేయి అంటే వేళ్లతో సహా, పెద్దవాళ్లది. ఒక చేయి మొత్తానికి మూడు, కాలుకి ఆరు. ఇది 1991లోనే డాక్టర్లు లెక్కకట్టిన పద్ధతి. చీటీ మీద "పల్చగా రాయండి" అని ఉంటే మా అమ్మ బొట్టంత తీసేది, నేను వెన్నలా పూసేవాణ్ణి. ఇద్దరం తప్పే.

రోజుకి ఒకసారో రెండుసార్లో, డాక్టర్ చెప్పిన రోజుల వరకు, మంట పూర్తిగా చల్లారేదాకా రాయాలి. సగం తగ్గగానే ఆపితే మళ్లీ లేస్తుంది. తగ్గాక కూడా మాటిమాటికీ వచ్చే చోట్ల వారానికి రెండు రోజులు రాయమంటారు కొంతమందికి. నాకు శని, ఆదివారాలు. చర్మం పల్చటి చోట్లకి స్టెరాయిడ్ కాని టాక్రోలిమస్ అనే ఆయింట్‌మెంట్ ఇచ్చారు. మొదటి నాలుగైదు రోజులు మిరపకాయ రాసినట్టు మండింది. తర్వాత అలవాటైంది. చాలామంది ఆ మంటకే "పడలేదు" అని పారేస్తారు. ముందే తెలిస్తే ఓర్చుకోవచ్చు.

ఇంకోటి, ఇంజెక్షన్. "ఒక్క సూది వేయించుకో, మూడు నెలలు చూడక్కర్లే" అనేవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. అది కూడా చాలాసార్లు స్టెరాయిడే, ఈసారి ఒళ్లంతటికీ. దిగిపోగానే డబుల్ వచ్చే ప్రమాదం ఉంది. పేరు రాయని డబ్బాలో ఇచ్చే నాటు పసరు రెండు రోజుల్లో మాయాజాలంలా పనిచేస్తే, సంతోషపడకుండా అనుమానపడండి.

మందు సంగతి అయిపోయింది. కానీ రోజులో మందు రాసేది రెండు నిమిషాలు. మిగతా ఇరవై మూడు గంటల యాభై ఎనిమిది నిమిషాలు?

స్నానం. బకెట్లో హీటర్ రాడ్ పెట్టి, పొగలొచ్చే నీళ్లు పోసుకోవడం మాకు చలికాలం అలవాటు. వేడి నీళ్లు పడగానే దురద మీద ఎంత హాయిగా ఉంటుందో, ఎగ్జిమా ఉన్నవాళ్లకే తెలుసు. పది నిమిషాల తర్వాత ఒళ్లంతా పగిలిన చెరువులా ఉంటుంది. గోరువెచ్చటి నీళ్లు, పది నిమిషాల లోపు. సబ్బు చంకలకు, గజ్జలకు, పాదాలకు చాలు. టవల్‌తో రుద్దకుండా అద్ది, ఒళ్లు ఇంకా తడిగా ఉండగానే, మూడు నిమిషాల్లో మాయిశ్చరైజర్. వేపాకు నీళ్లు, సున్నిపిండి గురించి అడుగుతారు. పగిలిన చర్మం మీద సున్నిపిండి రుద్దడమంటే గరుకు కాగితం రుద్దినట్టే. వేపాకు కొందరికి మండుతుంది. నాకు మండింది, అమ్మ నమ్మలేదు.

మాయిశ్చరైజర్ ఏది కొనాలి? ఇంగ్లండ్‌లో 550 మంది పిల్లల మీద లోషన్, క్రీమ్, జెల్, ఆయింట్‌మెంట్ నాలుగూ పోల్చి చూశారు, 2022లో ఫలితాలు వచ్చాయి. పనితనంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే మీరు రోజూ విసుక్కోకుండా రాసుకోగలిగేదే మీకు మంచిది. రెండు వేల రూపాయల డబ్బా కొని వేలితో గీకి గీకి వాడేకన్నా, చవకది కొని చేతినిండా రాయండి. సెంటు వాసన లేనిది చూసుకోండి, అంతే. ఒళ్లంతా ఉన్నవాళ్లకి వారానికి పావుకిలో కూడా ఖర్చవుతుంది. కొబ్బరినూనె కూడా కొందరికి బాగానే పనిచేస్తుంది, ఆవనూనె మాత్రం వద్దు. ఒక జాగ్రత్త: వ్యాజలిన్ లాంటివి ఇంకిన బట్టలు నిప్పు తగిలితే మామూలు బట్టలకన్నా తొందరగా అంటుకుంటాయి, ఉతికినా పూర్తిగా పోదు. పొయ్యి దగ్గర, దీపావళి రోజు, సిగరెట్ దగ్గర గుర్తుపెట్టుకోండి.

నీళ్ల గురించి మా ఇంట్లో పెద్ద వాదనే నడిచింది. బోరు నీళ్ల వల్లే నాకిది వచ్చిందని అమ్మ గట్టి నమ్మకం. మా రాడ్ మీద తెల్లగా గార పేరుకుపోయేది, సబ్బు నురగ వచ్చేది కాదు, కాబట్టి ఆమె అనుమానంలో అర్థముంది. 2016 ఆగస్టు 7న ప్రధాని మోదీ మా పక్కనే కోమటిబండలో మిషన్ భగీరథ ప్రారంభించారు. మా నల్లాకి గోదావరి నీళ్లొచ్చాక అమ్మ క్యాలెండర్ మీద టిక్కు పెట్టుకుని నా చేతులు చూసేది. ఏం మారలేదు. గట్టి నీళ్లున్న చోట్ల పిల్లల్లో ఎగ్జిమా కాస్త ఎక్కువ కనిపిస్తుందని పరిశోధనలు చెప్పిన మాట నిజమే. కానీ ఇంగ్లండ్‌లోనే 336 మంది పిల్లలతో, ఇళ్లల్లో నీళ్లని మెత్తబరిచే మెషీన్లు బిగించి చూస్తే, ఉన్న ఎగ్జిమా తగ్గలేదు. 2011లో వచ్చిన ఫలితం అది. కాబట్టి ఇది చూసి ముప్పై వేలు పెట్టి సాఫ్ట్‌నర్ కొనొద్దు.

తర్వాత తిండి. వంకాయ వద్దు, గోంగూర వద్దు, ఎండుచేపలు వద్దు, గుడ్డు వద్దు, కోడికూర వద్దు. పండగపూట అందరూ తింటుంటే నాకు పెసరపప్పు. పదేళ్లు! కొద్దిమంది చిన్నపిల్లల్లో పాలు, గుడ్డు లాంటివి నిజంగానే ఎగ్జిమాని రెచ్చగొడతాయి, అది డాక్టర్ పరీక్ష చేసి చెప్పాలి. ఊరికే అన్నీ మాన్పించడం వల్ల ఎక్కువమందికి లాభం లేదు, ఎదిగే పిల్లలకైతే నష్టం. డాక్టరమ్మ ఒక పని చెప్పింది: రోజూ ఏం తిన్నావు, ఎలా నిద్రపోయావు, ఎక్కడున్నావు రాసుకో అని. నేను ఫోన్‌లో షీట్ పెట్టా. మూడు నెలల డేటాలో వంకాయకి, దురదకి ఏ సంబంధం కనిపించలేదు. కనిపించింది ఏంటంటే: చెమట, దుమ్ము, ఉన్ని స్వెటర్, ఆఫీసులో రిలీజ్ ఉన్న వారం, పత్తి తీసే సీజన్‌లో పొలం దగ్గరికి వెళ్లిన రోజులు. డిసెంబర్, జనవరి పొడి చలి అన్నింటికన్నా ఎక్కువ. షీట్ అమ్మకి చూపించా. "గదంత నాకు తెల్వది గాని, వంకాయ మాత్రం ఒద్దు" అంది. ఆ వాదన ఇంకా నడుస్తోంది, నేను బయట తింటున్నా.

రాత్రి దురదకి? గోళ్లు కత్తిరించుకోండి. గోకాలనిపిస్తే ఫ్రిజ్‌లో పెట్టిన స్పూన్ అద్దండి, లేదా అరచేత్తో తట్టండి. "గోకకురా" అని మాత్రం ఎవరికీ చెప్పకండి, దయచేసి. నిద్రలో చెయ్యి దానంతట అదే పోతుంది. దగ్గు వచ్చేవాడిని దగ్గకు అన్నట్టే ఉంటుంది. సెట్రిజిన్ లాంటి అలర్జీ గోళీలు ఈ దురద మీద పెద్దగా పనిచేయవు. నిద్రమత్తు వచ్చే పాత రకం గోళీలు కొన్నాళ్లు నిద్రకి ఇస్తారు, అంతే.

ఎప్పుడు పరుగెత్తాలి? పసుపు రంగు చీము, తేనె ఎండినట్టు పెచ్చులు కడితే ఇన్ఫెక్షన్, ఆలస్యం చేయొద్దు. ఒకే సైజులో చిన్న చిన్న నీటి పొక్కులు, గుంట పడిన పుండ్లు గుంపులుగా వచ్చి, నొప్పి, జ్వరం ఉంటే అదే రోజు ఆసుపత్రికి పోవాలి. అది హెర్పిస్ వైరస్ కావొచ్చు, కంటి దగ్గరైతే చూపుకే ముప్పు.

క్రీములతో లొంగనివాళ్లకి గోళీలు, కొత్తగా వచ్చిన ఇంజెక్షన్లు ఉన్నాయి. వాటిల్లో పాతది, చవకది మెథోట్రెక్సేట్. నాకు పద్నాలుగు నెలలు ఇచ్చారు. వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. మధ్యమధ్యలో రక్తపరీక్షలు తప్పవు, గర్భం కోసం చూస్తున్నవాళ్లకి అసలు ఇవ్వరు. దీంతోపాటు ఫోలిక్ యాసిడ్ గోళీ ఇస్తారు. ఈ రెండూ ఒకే ల్యాబ్ నుంచి వచ్చాయని తర్వాత చదివా. అమెరికాలో లెడర్లీ కంపెనీలో, 1895లో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు నడిపించిన టీమ్ నుంచి. ఆయన పని క్యాన్సర్ మందుల వైపు నడిచింది, అదే మందు చిన్న డోసులో దశాబ్దాల తర్వాత గజ్వేల్ కుర్రాడి చర్మం దాకా వచ్చింది. ఆదివారం గోళీ వేసుకునేటప్పుడు ఆయన్ని తలుచుకునేవాణ్ణి, నిజంగా.

ఇక చివరగా, అసలు చెప్పడానికి ఇబ్బందిగా ఉన్న విషయం. పోయిన ఏడాది నుంచి ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. మొదటి చూపులకు పోయేముందు మా పెద్దమ్మ నన్ను పక్కకి పిలిచి, "ఫుల్ హ్యాండ్స్ ఏస్కో బిడ్డా. పెండ్లయినంక చెప్పొచ్చు" అంది. ఆమె మంచికోరే అంది. నేను వేసుకున్నా. గంటసేపు ఆ అమ్మాయి ముందు కూర్చుని ఒక్క మాట సరిగ్గా మాట్లాడలేదు, మనసంతా చొక్కా కఫ్ దగ్గరే. చెమట పట్టి, దురద పుట్టి, రెండుసార్లు బాత్రూమ్‌కి పోయి గోక్కుని వచ్చా. బట్టతల దాచొచ్చు, జీతం కాస్త ఎక్కువ చెప్పొచ్చు. రాత్రి పూట గోక్కునేవాడు దాన్ని ఎన్ని రోజులు దాస్తాడు?

రెండో చూపులకు హాఫ్ హ్యాండ్స్ వేసుకుని పోయా. అమ్మ ఆటోలో దారిపొడుగునా మాట్లాడలేదు. ఆ అమ్మాయితో నేనే ముందు చెప్పా: ఇది ఎగ్జిమా, అంటుకోదు, పూర్తిగా పోయే గ్యారంటీ లేదు, పిల్లలకి వచ్చే అవకాశం మామూలుకన్నా ఎక్కువ, రాకపోవచ్చు కూడా. ఆమె "మా తమ్ముడికి ఆస్తమా ఉంది, ఇన్‌హేలర్ మా ఇంట్లో టీవీ దగ్గరే ఉంటది" అంది. తర్వాత అరగంట ఇద్దరం మామూలుగా మాట్లాడుకున్నాం.

ఆ సంబంధం కుదరలేదు. వాళ్లకి అమెరికాలో ఉద్యోగం ఉన్న అబ్బాయి కావాలట, యూట్యూబ్ అంటే వాళ్ల నాన్నకి అర్థం కాలేదు. చర్మం సంగతి ఎవరూ ఎత్తలేదని మధ్యవర్తి చెప్పాడు. ఇంటికొచ్చాక అమ్మ నా హాఫ్ హ్యాండ్స్ చొక్కాలు రెండు ఇస్త్రీ చేసి బీరువాలో ముందు వరసలో పెట్టింది. ఇంకో సంబంధం వచ్చే నెల ఉంది.